ఇరేగీ గారి పరీక్ష

బొగొతా, 1997

మార్చి 4, మంగళవారం

దేవుడున్నాడు. నేను నమ్మినా నమ్మకపోయినా ఉన్నాడు.

పొద్దున్నే అన్సోలా నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మా మెదడు వైద్య సంస్థ పాలకమండలికి ఆయన అధ్యక్షుడు. ఆయన తలుపు వేశాడంటే ఎవరికో మూడిందన్నమాటే. నాకేనేమో అనుకున్నాను.

"డైరెక్టర్ గారి సంగతి నీ చెవిన పడే ఉంటుంది కదా లీహియా" అన్నాడు.

పడకుండా ఎలా ఉంటుంది? డిసెంబరులో బల్తసార్ ఇరేగీకి మెదడు ముందు భాగంలో రక్తనాళం చిట్లింది. తల తెరిచి సరిచేశారు. బతికాడు. ఫిబ్రవరిలో తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు అదే కుర్చీలో కూర్చున్నాడు. పోయిన వారం ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన పెద్దమనిషిని పట్టుకుని, అందరి ముందూ, "మీ ఉపన్యాసం రాసినవాడికి బుర్ర లేదు, చదివిన మీకు సిగ్గు లేదు" అన్నాడట.

"ఆయన నోరు ఎప్పుడూ అంతే కదా అని మండలిలో సగం మంది. కాదు, ఇది జబ్బేనని మిగతా సగం. ఏదో ఒకటి తేలాలి. జబ్బయితే మర్యాదగా ఇంటికి పంపిద్దాం, కాకపోతే నోరు మూసుకుని భరిద్దాం. పరీక్ష నువ్వు చెయ్యాలి."

"నేనే ఎందుకు?"

"ఆయనే అడిగాడమ్మా. నా బుర్రని కొలిస్తే లీహియా పచోనే కొలవాలి, మిగతావాళ్లకి గడియారం చూడ్డం కూడా రాదు అన్నాడు."

సరేనన్నాను. న్యాయంగా చేస్తానన్నాను. చేస్తాను కూడా. బయటికొచ్చి, ఆడవాళ్ల మరుగుదొడ్లోకి వెళ్లి, గడియ పెట్టుకుని, కొళాయి తిప్పి, నవ్వాను.

మార్చి 5

అక్కకి చెప్పాను. నూబియా నోట్లో గుండుసూదులు పెట్టుకుని బడిపిల్లల యూనిఫాం కుడుతోంది. సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. మాట్లాడాలంటే అలా తీస్తుంది, లేకపోతే తల ఊపి ఊరుకుంటుంది.

"అయితే ఆ ముసలాడు నీ చేతికి చిక్కాడన్నమాట."

"చిక్కడం ఏంటక్కా? ఆయన రోగి. నేను పరీక్ష చేసేదాన్ని."

"ఈ కబుర్లు నాకు చెప్పకే. పద్దెనిమిదేళ్లయింది. ఆ మనిషిని తిట్టకుండా ఒక్క ఆదివారమైనా నా సూప్ తాగావా నువ్వు?"

తాగలేదు. ఎలా తాగుతాను? నాకు తెలిసిందే అయినా మళ్లీ రాసుకుంటాను. రాసుకుంటే కాస్త మంట తగ్గుతుంది.

అప్పట్లో మెదడు దెబ్బతిన్నదీ లేనిదీ చూసే పరీక్షలన్నీ పరాయి దేశాలవి. చదువుకున్నవాళ్ల మీద తయారైనవి. పెన్సిలు ఎరగని మనిషి చేతికి పెన్సిలిచ్చి, ఈ డబ్బా బొమ్మ చూసి గియ్యమంటే ఎలా గీస్తాడు? గియ్యలేదు కాబట్టి మెదడు చెడిందని రాసేసేవాళ్లం. మేమే, రోజూ. సొగమోసో పైన కొండల్లోంచి కుస్తోదియా అనే ఆవిడని తీసుకొచ్చారు, గాడిద మీంచి పడిందని. మెదడు చెడిందని మా కాగితం. ఆ కాగితం పట్టుకుని ఆమె తమ్ముళ్లు కోర్టుకెళ్లి బంగాళాదుంపల చేను లాక్కున్నారు. ఆవిడకి ఏ రోగమూ లేదు. అంకెలు వెనకనుంచి చెప్పమంటే, "ముందునుంచి చెబితేనే సంతలో మోసం చేస్తున్నారు, వెనకనుంచి చెబితే ఇంకేమన్నా ఉందా తల్లీ" అంది నాతో.

ఆ తర్వాతే నేను కొండలెక్కాను. బడి మొహం చూడని మనిషి, ఏ రోగమూ లేని మనిషి, ఎలా జవాబిస్తాడో ముందు తెలియాలి. అది తెలిస్తేగాని రోగమున్నవాళ్లెవరో తెలియదు. అంతే నా ఆలోచన. కట్టెల పొయ్యిల పక్కన కూర్చుని, పొగకి కళ్లు మండుతుంటే, బొయాకా కొండల్లో ఊరూరా తిరిగి అడిగాను. నా వయసంతా అక్కడే కరిగింది. కుదిరిన పెళ్లి తప్పిపోయింది కూడా అప్పుడే. ఇరేగీ చూడ్డానికి వచ్చాడు, రాలేదని కాదు. జీపు దిగలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఇరేగీ పరీక్ష. ఒక్కటే పేరు. నేనెక్కడ ఉన్నానయ్యా అంటే కృతజ్ఞతల్లో ఉన్నాను, డ్రైవరుకీ టైపిస్టుకీ మధ్య.

అడగడానికి వెళ్లాను. "పరీక్షకి ఒక్క పేరే ఉండాలి అమ్మాయ్. రెండు పేర్లుంటే ఎవడూ గుర్తుపెట్టుకోడు" అని నాకు నల్ల కాఫీ తెప్పించాడు. తాగి వచ్చాను. తాగకుండా రావలసింది. ఇవాళ మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఎవరి తలకి దెబ్బ తగిలినా ఆయన పేరే చెప్పుకుంటారు.

ఉద్యోగం మానెయ్యలేకపోయావా అంటుంది అక్క. ఈ పని తప్ప నాకు మరొకటి రాదు. ఈ దేశంలో ఈ పని ఇక్కడ తప్ప మరోచోట లేదు. పైగా నేను పోతే ఆయనకి హాయి. రోజూ నా మొహం చూడాలి వాడు.

మార్చి 11

మొదటి రోజు.

పరీక్ష ఆయనకి కంఠతా వచ్చు. అందుకని బొమ్మల అట్టముక్కలు కొత్తవి గీయించాను, గుర్తుపెట్టుకుని చెప్పాల్సిన కథ కొత్తది రాశాను. భార్య గ్రసియేలా వెంటపెట్టుకొచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది ఆవిడ.

"లావయ్యావు లీహియా" అన్నాడు కూర్చుంటూనే. "దిగులుతోనా, దుంపలతోనా?"

"రెండూనండి డాక్టర్ గారూ."

"ఏడుపు మొహం మాత్రం అలాగే ఉంది. నీకదే బావుంటుంది."

ఒళ్లు మండింది. పళ్లు నూరుకుంటూ ముక్కలు పంచాను. ఒక్కో ముక్క మీద రంగురంగుల ఆకారాలుంటాయి. వాటిని ఏ పద్ధతిలో పేర్చాలో నేను చెప్పను, ఒప్పు తప్పు అని మాత్రం అంటాను. మొదట రంగుని బట్టి పేరిస్తే ఒప్పంటాను. తర్వాత చెప్పకుండా పద్ధతి మార్చేస్తాను.

"మార్చేశావు. ఇప్పుడు రంగు కాదు, ఆకారం" అన్నాడు వెంటనే. అంటూనే ముక్కని రంగు చూసి పెట్టాడు.

"తప్పు."

"తప్పే, నాకు తెలుసు." మళ్లీ రంగు చూసే పెట్టాడు.

"తప్పు."

"తెలుసంటున్నానుగా."

తెలుసంటూనే తప్పు పెడుతున్నాడు. చెయ్యి తన మాట వినడం లేదు. మెదడు ముందు భాగం దెబ్బతిన్నదంటే ఇదే, పాఠంలో చెప్పినట్టు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ఆయన ఆగి తన చెయ్యి వంక చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. నేను గడియారం చూశాను. జాలిపడి కాదు.

మార్చి 13

జ్ఞాపకం చూశాను. సంతకి వెళ్లిన ముసలమ్మ కథ చదివాను. పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అరగంట ఆగి అడిగితే మళ్లీ చెప్పాడు. "నీ కథలో ముసలమ్మ గొడుగు ఎక్కడ పారేసిందో నువ్వు రాయలేదు. కథ రాయడం నీకు ఎప్పటికీ రాదు" అని కూడా చెప్పాడు.

ఆ వయసులో నాకుంటే బాగుండు అలాంటి జ్ఞాపకం.

మార్చి 14

దొరికాడు.

ఇలాంటి చోట రక్తనాళం చిట్లినవాళ్లు చాలామంది జరగనివి జరిగినట్టు చెబుతారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకి నిజంగానే అలా గుర్తుంటుంది. అందుకని నిన్నామొన్నా ఏం చేశారో అడిగి, ఇంట్లోవాళ్లని కనుక్కోవడం మా పద్ధతి. ఆదివారం ఏం చేశారని అడిగాను.

"మా మేనల్లుడు సంతాందేర్ నుంచి బతికున్న మేకని తెచ్చాడు. లిఫ్టులో ఎక్కించి ఏడో అంతస్తుకి తెచ్చాడు. వాన కదా, సాయంత్రం దాకా హాల్లోనే ఉంచాం. అది గ్రసియేలా పరదా సగం తినేసింది. పరదా కంటే గ్రసియేలా మొహం చూడాలి నువ్వు" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

ఏడో అంతస్తులో మేక. రాసుకుని కింద రెండు గీతలు గీశాను. సంతోషంతో గీశాను, దాచుకోను.

మార్చి 18

మేక వచ్చిందట.

గ్రసియేలాని పక్కకి తీసుకెళ్లి అడిగాను. "వచ్చింది లీహియా. ఆ మేనల్లుడు వెధవకి బుద్ధి లేదు. పరదా కుట్టించుకోవాలి, మీ అక్కకి చెప్పు" అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. "ఆయన కల్పించి చెప్పడు. అదే నా ఖర్మ. ఒక్కటి కూడా కల్పించడు. మొన్న ఆయన పుట్టినరోజుకి చుట్టాలందర్నీ భోజనానికి పిలిచాను. అందరి ముందూ, మా చెల్లెలు అక్కడే కూర్చుని ఉండగా, తనూ మా చెల్లెలూ" అని ఆగిపోయింది.

ఆవిడ చేతిరుమాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

మార్చి 20

అన్సోలా ఎదురుపడ్డాడు, ఎదురుపడేలా నిలబడ్డాడు.

"ఏం తేలింది?"

"ముందు భాగం దెబ్బతిన్నది. నోటికీ చేతికీ అదుపు లేదు."

"ముక్కలు తప్పు పేర్చాడని మనిషిని పంపించెయ్యగలమా లీహియా? నోటి మాటకొస్తే మండలిలో ఎవరికుంది అదుపు? జ్ఞాపకం ఎలా ఉంది? నిజానికీ కల్పనకీ తేడా తెలుస్తోందా? అది తెలియడం లేదంటే ఒక్క మాట మిగలదు. పరీక్ష పుస్తకం కొత్త ముద్రణ కూడా వస్తోంది, ఆయన సంతకాలు కావాలి. ఆ కుర్చీలోకి నీకంటే తగినవాళ్లు ఎవరున్నారు చెప్పు."

ఇంకా చూడాలన్నాను.

చూడాల్సిందేమీ లేదు. చూడ్డం అయిపోయింది.

మార్చి 27, పవిత్ర గురువారం

ఊరంతా గుళ్ల చుట్టూ తిరుగుతోంది. ఏడు చర్చిలు తిరిగొస్తానని అక్క పొద్దున్నే పోయింది. నన్నూ రమ్మంది. పనుందన్నాను.

నివేదిక రాశాను. ముక్కల సంగతి రాశాను, నోటి సంగతి రాశాను. మేక సంగతి రాశాను.

అబద్ధం రాయలేదు. రోగి ఏడో అంతస్తులోని తన హాలులోకి మేక వచ్చిందని చెప్పాడు అని రాశాను. చెప్పాడు కదా. కింద, జరగని సంఘటనలు జరిగినట్టు చెప్పే లక్షణం ఉంది అని రాశాను. ఇలాంటి రోగుల్లో అది మామూలే. ఇవాళ లేకపోయినా రేపు వస్తుంది. వైద్యుడన్నవాడు రేపటిది కూడా చూడాలి. భార్యని అడిగానని రాయలేదు. అడిగినవన్నీ రాయాలని ఎక్కడుంది?

నేను న్యాయంగానే చేశాను.

మార్చి 28

నివేదికలో మేక కింద రాసిన ఆ లక్షణం వాక్యం కొట్టేశాను.

మార్చి 29

కృతజ్ఞతల పేజీ తీసి చూసుకున్నాను. డ్రైవరు పేరు సరిగ్గా అచ్చయింది. నా పేరులో ఒక అక్షరం పోయింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అచ్చు వేశారు, ఒక్కసారి కూడా దిద్దలేదు.

వాక్యం మళ్లీ రాశాను.

ఏప్రిల్ 1

ఇచ్చేశాను.

ఏప్రిల్ 9

ఆకలి బాగా వేస్తోంది ఈ మధ్య. అక్క నా వంక అదోలా చూస్తోంది. "ఏంటే, ఆదివారం సూప్ రెండు గిన్నెలు తాగావు, ఎవర్నీ తిట్టలేదు. ఒంట్లో బావుందా?" అంది.

నాకేం, దివ్యంగా ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

రాయాలి. ఇప్పుడే రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నన్ను నేనెరుగుదును.

మండలి సమావేశం. పొడుగు బల్ల, ఒక కొసన అన్సోలా, గోడవారగా నేను. అందరి ముందూ నా నివేదిక. అందరూ చదివి వచ్చారని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఇరేగీ భార్యతో వచ్చాడు. నీలం సూటు వేసుకున్నాడు, తల మీద ఆపరేషన్ మచ్చ కనపడేలా జుట్టు వెనక్కి దువ్వాడు. నిర్ణయం చెప్పేముందు ఆయన మాట కూడా వినాలని ఆనవాయితీ.

"మీరేమైనా చెప్పదలుచుకున్నారా డాక్టర్ గారూ?" అన్నాడు అన్సోలా, చంటిపిల్లాణ్ణి అడిగినట్టు.

"నన్ను తీసేస్తారని తెలుసు. తీసెయ్యండి. ముక్కలు నేను సరిగ్గా పెట్టలేకపోయాను, నా కళ్లతో నేనే చూశాను" అన్నాడు ఇరేగీ. "ఒక్క పని చెయ్యండి. పరీక్ష కొత్త ముద్రణ వస్తోందిగా. దాని మీద నా పేరు తీసి లీహియా పేరు వెయ్యండి. అది ఆమెది."



"నేను జీపు కూడా దిగలేదయ్యా" అన్నాడు మళ్లీ తనే. "చలి. ఆమె ఆ పొగలో కూర్చుని ముసలాళ్లని అడుగుతోంది, నేను అద్దం ఎత్తుకుని రేడియో విన్నాను. కొలతలు ఆమెవి, ప్రశ్నలు ఆమెవి, ఆలోచన కూడా ఆమెదే. నేనసలు మొదట్లో పిచ్చి పని అన్నాను. అచ్చుకి వెళ్లేటప్పుడు రెండు పేర్లుండేవి. రెండోది నేనే కొట్టేశాను."

"ఎందుకు కొట్టేశారు?" అన్నాడు మండలిలో ఒకాయన. అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఎందుకేంటి? కొట్టేస్తే ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదని తెలుసు. వచ్చింది, కాఫీ ఇచ్చాను, తాగి పోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో చెప్పుకుని నవ్వాం. అడుగు గ్రసియేలాని."

గ్రసియేలా తన చేతుల వంక చూసుకుంది.

పద్దెనిమిదేళ్లు. ఈ మాటలు ఆయన నోటితో ఇలాగే, ఇంతమంది ముందు చెప్పించాలని ఎన్ని రకాలుగా ఊహించుకున్నాను. మెడ పట్టుకుని చెప్పించాలనుకున్నాను, చచ్చేముందు మంచం మీద చెప్పించాలనుకున్నాను. అడక్కుండానే చెప్పాడు. సిగ్గు లేకుండా, భయం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. లేచి నిలబడ్డాననుకుంటాను. అవును, నిలబడ్డాను.

అన్సోలా నిట్టూర్చాడు. నా నివేదికలో కాగితం తిప్పాడు.

"పాపం" అన్నాడు. "డాక్టర్ పచోన్, మీరు రాసింది ఇదే కదా. జరగనివి జరిగినట్టు చెప్పడం. ఆ మేక లాగా. ఇప్పుడు మనం విన్నది కూడా ఆ లక్షణమే అనుకోవాలి కదా?"

నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

అందరూ నా వైపు తిరిగారు. జాలిగా చూస్తున్నారు, ఆయన్నీ నన్నూ కూడా. పాపం ఈవిడ పేరు కూడా లాగాడు పిచ్చిలో, అన్నట్టు చూస్తున్నారు.

కాదు అనాలి. ఈ మనిషి కల్పించడు, కల్పించే రోగం ఈయనకి లేదు, ప్రతి మాటా నిజం అనాలి. అంటే, మరి మేక? మేక కూడా నిజం. మరి రాశావేం? మెదడు చెడనివాళ్లని చెడిందని రాసిన పాత కాగితాల మీద ఇన్నేళ్లు దుమ్మెత్తిపోసిన దాన్ని నేను. ఇక నా చేత ఎవరు పరీక్ష చేయించుకుంటారు? కుర్చీ ఆయనకే మిగులుతుంది. నేను వీధిలో ఉంటాను. అబద్ధపు కాగితం రాసి దొరికిపోయిన దాని పేరు, ఆ పరీక్ష మీద ఎవరు మాత్రం వేస్తారు?

ఇదంతా ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అవునండి" అన్నాను.

ఇరేగీ నా వైపు చూశాడు. ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఆయనకి ఎప్పుడూ తొందరగానే అర్థమవుతుంది. నవ్వాడు, మేక గురించి చెప్పినప్పుడు నవ్వినట్టే.

"భలే అమ్మాయ్" అన్నాడు. "నేను కొట్టేసినప్పుడూ అచ్చం ఇంతే. చిన్న పని. క్షణం పట్టదు."

"ఇంటికి తీసుకెళ్లండమ్మా" అన్నాడు అన్సోలా గ్రసియేలాతో.

ఏప్రిల్ 18

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

గ్రసియేలా వచ్చింది. పరదా పట్టుకొచ్చింది అక్కకి ఇవ్వడానికి. నిజంగానే సగం లేదు.

అక్క కొలతలు తీసుకోవడానికి లోపలికి వెళ్లగానే అడిగాను. "మేక వచ్చిందని మీరే నాకు చెప్పారు. మొన్న అక్కడ కూర్చుని నోరెందుకు విప్పలేదు?"

"నువ్వెందుకు విప్పలేదు?"

నల్ల కాఫీ పోసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కప్పులో చక్కెర వేసుకుని చాలాసేపు కలిపింది.

"మేక వచ్చిందంటే మా చెల్లెలి సంగతి కూడా జరిగిందనే కదా లీహియా. నీ కాగితం మా చుట్టాలందరికీ చూపించాను. అందరూ అయ్యో బల్తసార్ అంటున్నారు. మా చెల్లెలు నిన్న తలెత్తుకుని మా ఇంటికొచ్చింది, మసాలా పెట్టి కోడి వండింది. నేను తిన్నాను."

"జరిగిందా?"

"లేదు" అంది. "మేకా రాలేదు, మా చెల్లెలూ ఏమీ చెయ్యలేదు, ఆ పరీక్షా నువ్వు తయారుచెయ్యలేదు. ఎవరి కొంపా మునగలేదు."

వెళ్లేటప్పుడు నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పెట్టుకోలేదు ఆవిడ.

అక్క పరదా మీద చెయ్యేసి నన్నే చూస్తోంది. తలుపు చాటునుంచి అంతా వింది. అరుస్తుందేమోనని చూశాను. సూదులు నోట్లో పెట్టేసుకుంది.

మే 8

డైరెక్టర్ గది. కిటికీలోంచి కొండలు కనపడతాయి. కుర్చీ నాకు ఎత్తుగా ఉంది, కాళ్లు ఆనడం లేదు. మార్పించాలి.

అందరూ లేచి నిలబడుతున్నారు నేను వస్తే. బాగుంది. బాగుందనే రాస్తున్నాను.

మే 22

అన్సోలా వచ్చాడు, తలుపు తట్టి మరీ వచ్చాడు. కొత్త ముద్రణని ఇరేగీ గారికి గౌరవంగా తెద్దామన్నాడు. "ముందుమాట మీరు రాస్తే నిండుగా ఉంటుంది డాక్టర్ గారూ. శిష్యురాలిగా. ఆయన ఆ కొండల్లో పడ్డ కష్టం అదీ, మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

తెలుసు. పొయ్యి పొగ గురించి రాశాను, దుంపల సూప్ గురించి రాశాను, అంకెలు వెనక్కి చెప్పనన్న ముసలావిడ గురించి రాశాను. పొయ్యి పక్కన కూర్చున్నది ఎవరో చెప్పాల్సిన చోటల్లా ఇరేగీ అని రాశాను. రాత చక్కగా వచ్చింది. అన్సోలా కళ్లు తుడుచుకున్నాడు చదివి.

మే 23

తుడుచుకున్నాడు వెధవ.

జూన్ 12, గురువారం

ఇరేగీ గురువారాలు వైద్యానికి వస్తున్నాడు. చేతికీ నోటికీ అదుపు నేర్పే వైద్యం, నేనే ఏర్పాటు చేశాను, డబ్బు తీసుకోవద్దన్నాను. చాలా ముందే వచ్చి కింద బెంచీ మీద, కొండల నుంచి వచ్చిన రోగుల మధ్య కూర్చుంటాడు. పక్కనెవరుంటే వాళ్లకి చెబుతాడట. మీకు చేసే పరీక్ష నాది కాదండీ, పైన గదిలో ఉన్నావిడది, నేను కొట్టేశాను, అని. ఉన్ని రువానాలు కప్పుకున్న ముసలాళ్లు పాపం వింటారు. నర్సులు ఒక బిస్కెట్ చేతిలో పెట్టి, "అవునవును డాక్టర్ గారూ, తినండి" అంటారు. బిస్కెట్ తింటాడు. తిని మళ్లీ చెబుతాడు.

ఇవాళ కొత్త బ్యాచి విద్యార్థులని వెంటబెట్టుకుని వార్డు చూపిస్తూ అటు వెళ్లాను. వేరే దారిలో వెళ్లి ఉండాల్సింది. నన్ను చూసి గబుక్కున లేచాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. చిక్కిపోయాడు, గొంతు కూడా తగ్గింది.

"వీళ్లెవరూ నమ్మట్లేదు అమ్మాయ్" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా బిస్కెట్ ఇస్తున్నారు. నువ్వన్నా చెప్పు. అది నీదని చెప్పు."

కళ్లల్లో నీళ్లున్నాయి. నా కోసం ఆ మనిషి కళ్లల్లో నీళ్లు.

వెనక పిల్లలందరూ ఆగిపోయారు. జరగనివి చెప్పే రోగితో ఎలా మాట్లాడాలో నిన్ననే వాళ్లకి పాఠం చెప్పాను. వాదించకూడదు. ఒప్పుకోకూడదు. నెమ్మదిగా మాట మార్చాలి.

ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది.

"బయట వాన పడుతోంది కదండీ" అన్నాను. "శాలువా తెచ్చుకున్నారా డాక్టర్ గారూ?"

పిల్లలు రాసుకున్నారు.